పదిమంది కోసం వెతుకులాట

ప్రేమజ్యోతి న్యూజెర్సీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మచిలీపట్నంలో నేర్చుకున్న నర్సు పనే ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది. మొదట ఒక పెద్ద ఆసుపత్రిలో చేసింది. నడుము, మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక, ఐసెలిన్‌కు దగ్గర్లో మాజీ సైనికుల కోసం నడిపే ఒక వృద్ధాశ్రమంలో చేరింది. భర్త సత్యానందం ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాడు. ఒక్కతే కూతురు, అబిగేల్. నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్ దగ్గర ఉద్యోగం.

ప్రేమజ్యోతి మాట తక్కువ మనిషి. తెలుగు చర్చివాళ్ళు ఏటా వేసవిలో బీచ్‌కి పిక్నిక్ వెళ్తే ఆమె పులిహోర, చికెన్ వేపుడు చేసి పట్టుకెళ్తుంది గానీ ఇసుకలో అడుగు పెట్టదు. కార్లు ఆపిన చోట బల్ల మీద, నీళ్ళకు వీపు పెట్టి కూర్చుంటుంది. ఎవరైనా రమ్మని లాగితే, "నాకు ఎండ పడదమ్మా" అంటుంది. డెబ్భై ఏడు నాటి దివిసీమ ఉప్పెనలో, ఆమెకు పదకొండేళ్ళప్పుడు, తల్లి పోయిందని సత్యానందానికి తెలుసు. అంతకు మించి ఆయనకూ ఏమీ తెలియదు. పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు అడిగాడు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం చూసి ఇక అడగడం మానేశాడు.

ఆశ్రమంలో మూల గదిలో లియొనార్డ్ మజూర్ అనే ముసలాయన ఉండేవాడు. వందకు దగ్గర పడ్డాడు. ఇక్కడికి కొద్ది దూరంలో ఉన్న పెర్త్ ఆంబోయ్‌లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకే నౌకాదళంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధం చూసి వచ్చి, మిగతా జీవితమంతా ప్లంబర్‌గా బతికాడు. భార్య పోయి చాలా కాలమైంది. డెబ్భై దాటిన కూతురు లిండా ప్రతి ఆదివారం వచ్చి కూర్చుని వెళ్తుంది. ఆయనతో ఎవరికీ ఇబ్బంది లేదు, స్నానం దగ్గర తప్ప. ముఖం మీద నీళ్ళు పడితే కేకలు పెట్టేవాడు. కొత్త నర్సులు విసుక్కునేవారు. ప్రేమజ్యోతి మాత్రం తువ్వాలు తడిపి, పిండి, నెమ్మదిగా ముఖం తుడిచేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

రెండు వేల ఇరవై నాలుగు వసంతంలో ఆశ్రమంలో హడావుడి మొదలైంది. జూన్ ఆరుకి నార్మండీ దాడి జరిగి ఎనభై ఏళ్ళు నిండుతాయి. హిట్లర్ చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం మీదికి ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటి మిత్రసేనలు దిగిన రోజది. ఆ దాడిలో ఉండి ఇంకా బతికున్నవాళ్ళు దేశం మొత్తంలో చాలా కొద్దిమంది. వాళ్ళలో ఒకాయన తమ ఆశ్రమంలోనే ఉన్నాడని అందరికీ గర్వం.

కార్యక్రమాలు చూసే రేణు, ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, హాల్లో గోడంతా పటాలు అంటించింది. టీ విరామంలో ప్రేమజ్యోతిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది.

"చూడండి ఆంటీ, వీళ్ళు ఎంత ప్లాన్ చేశారో! ఫ్రాన్స్‌లో బీచ్‌కి వెకేషన్ వెళ్ళిన ఫొటోలు ఉంటే పంపండి అని పబ్లిక్‌ని అడిగారంట. మిలియన్స్‌లో వచ్చినయి. ఇసుక మీద ట్యాంక్ నిలబడుతుందా, మునుగుతుందా అని డైవర్స్‌ని పంపించి శాంపిల్ తెప్పించారు. ఎనిమీని కన్‌ఫ్యూజ్ చేయడానికి ఇంకో ప్లేస్‌కి ఎదురుగా ఫేక్ ఆర్మీ పెట్టారు. రబ్బర్ ట్యాంక్స్! క్రేజీ కదా?"

ప్రేమజ్యోతి తలూపింది. ఆటుపోట్లు, వెన్నెల, వాతావరణం, మూడూ కుదిరే రోజులు నెలలో కొద్దిగానే ఉంటాయనీ, అన్నీ కుదిరాక కూడా గాలివాన వల్ల ఒకరోజు వాయిదా వేశారనీ అక్కడ రాసి ఉంది. తొలిరోజే లక్షన్నర మందికి పైగా ఆ నేల మీద దిగారు. ఏడాది తిరక్కుండానే ఐరోపాలో యుద్ధం ముగిసింది. ఎవరి ఆలోచన ఎంత గొప్పదో బాణం గుర్తులతో సహా ఉంది. ఆమె చూపు మాత్రం పటంలో నీలం రంగు వేసిన చోటే ఆగింది.

ముసలి సైనికులను ఉచితంగా నార్మండీ తీసుకెళ్ళి సన్మానిస్తామని ఒక సంస్థ ముందుకొచ్చింది. లిండా సంబరపడిపోయింది. మజూర్ ససేమిరా రానన్నాడు. ఆ రోజు హాల్లో పెట్టే సభలో మాట్లాడమన్నా వద్దన్నాడు.

"నా యుద్ధం ఏప్రిల్‌లోనే అయిపోయింది" అన్నాడు.

"జూన్ డాడ్, జూన్ ఆరు" అని లిండా సరిదిద్దింది. ఆయన కిటికీవైపు తిరిగాడు. లిండా బయటికొచ్చి, "మతిమరుపు బాగా పెరిగింది కదూ?" అని ప్రేమజ్యోతిని అడిగింది. మందులేవీ మరిచిపోని మనిషికి మతిమరుపేమిటో ప్రేమజ్యోతికి అర్థం కాలేదు. 

మే నెల మధ్యలో ఒక పగటిపూట ఆశ్రమంలో ఫైర్ డ్రిల్ పెట్టారు. ముందే చెప్పారు గానీ మజూర్‌కు వినికిడి తక్కువ, చెవిన పడలేదు. గంటలు మోగాయి, తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. రేణు నవ్వుతూ లోపలికి తొంగిచూసి, "కంగారు పడకండి మిస్టర్ మజూర్, ఊరికే డ్రిల్!" అంది.

ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. పక్కనే ఉన్న ప్రేమజ్యోతి మణికట్టు పట్టుకుని చక్రాల కుర్చీలోంచి లేవబోయాడు.

"డ్రిల్ కాదు! వాళ్ళూ అలాగే అనుకున్నారు. దీపాలు ఆర్పండి, బెల్టు పైకి కట్టుకోమనండి, పైకి!"

ప్రేమజ్యోతి ఆయన్ని గట్టిగా పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. మిగతావాళ్ళందరూ అక్కడే గుమిగూడి, ఎప్పుడు లోపలికి పంపిస్తారా అని గొణుక్కుంటున్నారు. గంటలు ఆగాక కూడా ఆయన చెయ్యి వదల్లేదు. డ్యూటీ అయిపోయినా ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఆయన గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు చెప్పాడు. ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ.

"నార్మండీకి వెళ్ళేముందు అంతా ఒకసారి చేసి చూడాలనుకున్నారు జోటీ." ఆమె పేరు ఆయన నోట అలాగే పలికేది. "ఇంగ్లండ్‌లో డెవన్ తీరాన ఒక బీచ్ దొరికింది. మేం దిగబోయే ఫ్రాన్స్ బీచ్‌లాగే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. ఏప్రిల్ నెలాఖరున సైనికులనూ ట్యాంకులనూ ఎక్కించుకుని పెద్ద ఓడలు సముద్రంలోకి వెళ్ళి, చుట్టు తిరిగి, తెల్లారేసరికి ఆ ఒడ్డుకు రావాలి. అదీ రిహార్సల్. నేను హార్బర్‌లో చిన్న పడవ మీద ఉన్నాను. చీకట్లో జర్మన్ పడవలు వచ్చి ఆ ఓడల మధ్యలో పడ్డాయి. కాపలా ఓడ రేడియో ఒక నంబర్ మీద ఉంది, మా ఓడలు ఇంకో నంబర్ మీద. కాగితం మీద ఎవరో అంకె తప్పు కొట్టారు. హెచ్చరిక మావాళ్ళకు చేరలేదు. పేలుళ్ళు వినిపిస్తే లోపల ఉన్న కుర్రాళ్ళు, డ్రిల్ భలే నిజంలా చేస్తున్నారే అనుకున్నారట."

"చాలామంది పోయారా?" అంది ప్రేమజ్యోతి.

"ఏడొందల మందికి పైనే. లైఫ్ బెల్టు చంకల కింద కట్టుకోవాలి. వాళ్ళకెవరూ చెప్పలేదు. వీపున బరువు సంచులు ఉన్నాయని నడుముకు కట్టుకున్నారు. నీళ్ళలో పడగానే తల కిందికి, కాళ్ళు పైకి. తెల్లవారి మమ్మల్ని పంపించారు. వెళ్ళేసరికి ఎటు చూసినా నీళ్ళ మీద బూట్లే."

 ప్రేమజ్యోతి మంచినీళ్ళు పట్టించింది.

"దాడి ఎక్కడో, ఎప్పుడో తెలిసిన అధికారులు బహు కొద్దిమంది. వాళ్ళలో పదిమంది ఆ ఓడల్లో ఉన్నారు. కనబడటం లేదు. జర్మన్లు ఒక్కణ్ణి నీళ్ళలోంచి లాక్కెళ్ళి నోరు తెరిపించినా మొత్తం ప్లాన్ పోయినట్టే. నార్మండీలో మనవాళ్ళందరూ పిట్టల్లా రాలిపోతారు. అందుకని ఆ పదిమంది దొరకాలి, బతికుంటే బతికున్నట్టు, లేకపోతే శవమై. మా పడవలో ఒక ఆఫీసర్ ఎక్కాడు. నా పని కొక్కెం కర్రతో ఒక్కొక్క శవాన్నీ దగ్గరికి లాగి తిప్పడం. ఆయన శవం మెడలోని పేరు బిళ్ళ చదివి 'కాదు' అనేవాడు. నేను వదిలేసేవాణ్ణి. ఇంకొకటి. 'కాదు.' ఇంకొకటి. మిగతావాళ్ళను తర్వాత వచ్చే పడవలు ఎక్కించుకుంటాయన్నారు. అలలు ఎటు తీసుకెళ్ళాయో, ఎంతమందిని ఎక్కించుకున్నారో దేవుడికే తెలియాలి."

కిటికీవైపు చూశాడు. 

"ఒకణ్ణి తిప్పితే జో. జో హోర్వాత్. మా ఎదురింటివాడు. చిన్నప్పటినుంచీ ఒకటే వీధి, ఒకటే బడి. వాడు ఆర్మీలో, నేను నేవీలో. అంతకుముందు వారమే డెవన్‌లో కలిశాం. 'సార్, వీణ్ణి నేనెరుగుదును' అన్నాను. 'పదిమందిలో ఉన్నాడా?' అన్నాడు ఆఫీసర్. లేడన్నాను. 'అయితే వదిలెయ్, బాబూ' అన్నాడు. చెడ్డవాడు కాదు, ఆయనా ఏడుస్తున్నాడు. వదిలేశాను."

"ఆ పదిమంది?"

"దొరికారు, పదిమందీ. ప్లాన్ మారలేదు. రేడియోలు సరిచేశారు. బెల్టు ఎలా కట్టుకోవాలో అందరికీ నేర్పారు. జూన్‌లో మేం దిగిన ఆ ఒక్క బీచ్ మీద పోయినవాళ్ళకంటే ఆ రిహార్సల్‌లో పోయినవాళ్ళే ఎక్కువ. ఆ దాడి తప్పని నేనెప్పుడూ అనను జోటీ. అది జరగకపోతే ఎన్ని దేశాలు ఎన్నేళ్ళు ఆ నరకంలో మగ్గేవో. కానీ నన్ను పిలిచి చప్పట్లు కొడతామంటే, దేనికి కొడతారు?"

ఏప్రిల్ సంగతి ఎవరితోనైనా అంటే మిలిటరీ కోర్టుకు ఎక్కిస్తామని వాళ్ళందరినీ బెదిరించారు. నార్మండీ రహస్యం బయటపడకూడదుగా మరి. ఆ హుకుం తర్వాత ఎప్పుడో ఎత్తేశారట గానీ మజూర్‌కు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. యుద్ధమయ్యాక ఇంటికొస్తే జో తల్లి వాల్‌నట్ రొట్టె చేసి పట్టుకొచ్చింది. గవర్నమెంటు వాళ్ళు గల్లంతయ్యాడని మాత్రమే చెప్పారట. 'నువ్వూ అక్కడే ఉన్నావటగా లెన్నీ, మావాణ్ణి ఎక్కడైనా చూశావా?' అని, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి అడిగింది. చూడలేదన్నాడు. ఆవిడ పోయేదాకా, కొడుకు ఏ ఆసుపత్రిలోనో పేరు మరిచిపోయి బతికే ఉన్నాడని చెప్పుకునేదట. పెళ్ళైన వెంటనే మజూర్ ఆ వీధి వదిలిపెట్టేశాడు.

 ప్రేమజ్యోతి, ఎవరో లోపలినుంచి తోసినట్టు, "నేనూ తిప్పాను" అంది.

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఉప్పెన వచ్చిన రోజు తండ్రీ తనూ బందర్లో ఉన్నారు. తనకు చెవి పోటు వస్తే మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తిరిగి వెళ్ళేసరికి ఊరు లేదు. ఇళ్ళు లేవు, చర్చి గోడ ఒకటి నిలబడి ఉంది. తండ్రి, తనను ఎవరి దగ్గర వదలాలో తెలియక వెంట తిప్పుకుంటూ తల్లి కోసం వెతికాడు. తుమ్మకంపల్లో, కాలవగట్ల మీద, బురదలో బోర్లా పడి ఉన్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే తిప్పడం. బరువైతే తనూ ఒక చెయ్యి వేసేది. "కాదమ్మా" అనేవాడు నాన్న. "కాదు నాన్నా" అనేది తను. అలా రోజుల తరబడి తిరిగారు. ఒక సాయంత్రం ఉప్పుటేరు పక్కన ఒకామె దగ్గర నాన్న ఒక్కడే వంగి, తన వీపు అడ్డం పెట్టి, చాలాసేపు ఉండిపోయాడు. ముఖం తనకు కనిపించనివ్వలేదు. లేచి "కాదమ్మా" అన్నాడు. తన చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. శవాలను దహనం చేయడానికి ఊళ్ళోకి వచ్చిన వాలంటీర్లతో ఏదో మాట్లాడాడు. వాళ్ళు కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని అటువైపు వెళ్ళారు.

"మర్నాడు ఎక్కడ వెతికారు?" అన్నాడు మజూర్.

"వెతకలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ వెతకలేదు. నన్ను హాస్టల్లో చేర్పించాడు."

ముసలాయన తన ఎముకల చెయ్యి ఆమె చేతి మీద వేశాడు.

"అయితే మీ నాన్నకు ఆమె దొరికింది" అన్నాడు.

ఆ సంగతి ఆమెకు తెలియదా? తెలుసు. కానీ ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. డ్యూటీ బట్టల్లోనే, కుర్చీలో ముందుకు వంగి, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ నెలాఖరులో సెలవులకు అబిగేల్ ఇంటికొచ్చింది. ముగ్గురూ భోజనాలు చేస్తుండగా ప్రేమజ్యోతి చెప్పేసింది. సత్యానందం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ నాకు కూడా చెప్పలేదేంటి జ్యోతీ?"

"ఏం చెప్పమంటారండీ? మా నాన్న అబద్ధం చెప్పాడని చెప్పాలా?"

"మమ్మీ, అది లై కాదు" అంది అబిగేల్. "యూ వర్ ఎలెవెన్. తాత నిన్ను ప్రొటెక్ట్ చేశాడు." తర్వాత కాస్త ఆగి, "అమ్మమ్మ నేమ్ ఏంటి? నాకు నేమ్ కూడా తెలీదు" అంది.

"మార్తమ్మ" అంది ప్రేమజ్యోతి. ఆ పేరు ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ పలకలేదు. అబిగేల్ లేచి వచ్చి తల్లి తలను పొట్టకు హత్తుకుంది. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

మజూర్‌ను ప్రేమజ్యోతే ఒప్పించింది. "జూన్ గురించి వద్దు. ఏప్రిల్ గురించి చెప్పండి. జో గురించి చెప్పండి" అంది. ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

జూన్ ఆరున హాలు నిండిపోయింది. జెండాలు, టీవీ కెమెరా ఒకటి, ఓడ బొమ్మ వేసిన పెద్ద కేకు. మజూర్‌కు కోటు తొడిగి, పతకాలు పెట్టి ముందు వరుసలో కూర్చోబెట్టారు. మైకు అందించారు. "నా స్నేహితుడు జో హోర్వాత్ నీళ్ళలో ఉన్నాడు" అన్నాడు. "నేను వాణ్ణి వదిలేశాను" అన్నాడు.  తర్వాత పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం రావడం లేదు. రేణు కంగారుపడి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నార్మండీలో అమరులైన స్నేహితులందరికీ!" అంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బ్యాండు మోగింది. కేకు కోశారు.

గదికి తీసుకెళ్తుంటే ఆయన అడిగాడు. "విన్నారా వాళ్ళు?"

"కొందరు విన్నారు" అంది ప్రేమజ్యోతి. ఆ ఒక్కసారే ఆయనతో అబద్ధమాడింది.

అప్పటినుంచి ఆయన తిండి తగ్గించాడు. జులైలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆగస్టు మొదట్లో, ఒక మధ్యాహ్నం, లిండా ఒక చెయ్యీ ప్రేమజ్యోతి ఒక చెయ్యీ పట్టుకుని ఉండగా పోయాడు.

గది ఖాళీ చేయడానికి వచ్చిన రోజు లిండా అడిగింది. "ఆ రోజు డాడ్ మైకులో ఏదో అన్నాడు, వదిలేశానని. దేని గురించి?"

ప్రేమజ్యోతి తలుపు దగ్గరికి వేసి, మంచం మీద పక్కన కూర్చుని, విన్నదంతా చెప్పింది. లిండా ముఖం ముందు ఎర్రబడింది.

"నేను ఆయన కూతుర్ని. ప్రతి ఆదివారం వచ్చాను. నీకెందుకు చెప్పాడు, నాకు చెప్పకుండా?"

"మీరు కూతురు కాబట్టే అనుకుంటాను" అంది ప్రేమజ్యోతి. లిండా చాలాసేపు తండ్రి కోటును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏప్రిల్ అన్నప్పుడల్లా తను జూన్ అని సరిదిద్దిన సంగతి తలచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత లిండా జో కుటుంబం కోసం వెతకడం మొదలుపెట్టింది. చర్చి రికార్డులు చూసింది, పాత పొరుగువాళ్ళ పిల్లలను అడిగింది. జోకి ఒక చెల్లెలు ఉండేదట, ఆవిడా పోయింది. ఆవిడ మనవడు ఒకడు అరిజోనాలో దొరికాడు. అక్టోబరులో, తండ్రికి వందేళ్ళు నిండాల్సిన వారం, లిండా ప్రేమజ్యోతిని తన కారులో పెర్త్ ఆంబోయ్ తీసుకెళ్ళింది. జో వాళ్ళ ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఒక మందుల దుకాణం, దాని వెనక కార్లు పెట్టుకునే ఖాళీ స్థలం. ఎదురుగా మజూర్ పుట్టిన ఇల్లు మాత్రం రంగులు మార్చుకుని నిలబడి ఉంది. వరండాలో ఎవరివో పిల్లల సైకిళ్ళు ఉన్నాయి.

లిండా అక్కడే నిలబడి, అరిజోనాలోని ఆ మనవడికి ఫోన్ చేసిన సంగతి చెప్పింది.

"అంతా చెప్పాను. మర్యాదగానే విన్నాడు. నాయనమ్మకి అన్న ఒకడు ఉండేవాడనే తనకు తెలియదన్నాడు. నార్మండీలో పోయాడా అని అడిగాడు. కాదు, అంతకు ముందే, రిహార్సల్‌లో అన్నాను. ఓహో అన్నాడు. డ్రైవింగ్‌లో ఉన్నాను, మళ్ళీ చేస్తానన్నాడు."

"చేశాడా?"

"చేయలేదు. మూడు వారాలైంది."

వీధి చివర నుంచి చలిగాలి కొడుతోంది. మందుల దుకాణం నుంచి ఒకామె సంచి పట్టుకుని వచ్చి, వీళ్ళిద్దరినీ ఒకసారి చూసి, కారు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఇంకెవరికి చెప్పాలి జ్యోతీ?" అంది లిండా.

 లిండా కోటు గుండీలు విడిపోయి ఉంటే ప్రేమజ్యోతి పెట్టింది. ఇద్దరూ కారెక్కారు. లిండా కారును ఐసెలిన్ వైపు తిప్పింది.